నాన్న చివరిగా విన్న పాట

ఆ చలికాలం మా ఊరి థియేటర్లో నేను ఐదు ఆటలు పాడాను. ఐదింటికీ చప్పట్లే. ఒక్కరూ ఈల వేయలేదు. మా ఊళ్ళో ఈల వేస్తే మెచ్చుకున్నట్టు కాదు, మూటాముల్లె సర్దుకోమన్నట్టు.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఓపెరాలు పాడుకుంటూ ఊళ్ళు తిరిగాను. త్రియెస్తె, లిస్బన్, బ్యూనస్ ఎయిర్స్. సొంత ఊళ్ళో మాత్రం ఒక్కసారీ పాడలేదు. భయమని ఎవరికీ చెప్పలేదు, తీరిక లేదని చెప్పేదాన్ని. నలభై ఏడో ఏట తీరిక దానంతటదే వచ్చింది. ఏజెంట్ల దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. వేసవి మొత్తం మీద వచ్చింది ఒకే ఒక్క కాగితం, అదీ మా ఊరి థియేటర్ నుంచి. క్రిస్మస్ మర్నాడు మొదలుకొని ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ దాకా ఐదు ఆటలు, జనానికి నచ్చితే ఇంకో రెండేళ్ళు. నచ్చకపోతే ఏమిటన్నది అందులో రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

నవంబరులో, పొగమంచులో, రైలు దిగాను. నాన్న స్టేషనుకి వచ్చాడు. ఆరేళ్ళ తర్వాత కనిపించిన కూతురి చేతిలో పెట్టె అందుకుంటూ ఆయన అన్న మొదటి మాట, "ఈ ఇంజను కొత్తది. కూత పాతదానికంటే కాస్త కిందికుంది" అని.

నాన్న పేరు ఎర్మేతె. యాభై ఏళ్ళుగా పియానోలకు శ్రుతి చేయడం ఆయన పని. ఆ చెవి నేర్చుకుంటే వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. తలుపు కిర్రుమన్నా, గ్లాసు గ్లాసుకి తగిలినా అది ఏ స్వరమో చెప్పేవాడు. మా మేనత్త ఒలింపియా తుమ్మినా చెప్పేవాడు.

"తుమ్మనివ్వరా తమ్ముడూ, దానికీ వంకలు పెడితే ఎట్లా?" అని గొణిగేది అత్త. మొగుడు పోయినప్పటి నుంచి మా ఇంటి వంటిల్లు ఆవిడదే. వయసులో నాన్నకంటే నాలుగేళ్ళు పెద్ద, నోరు మాత్రం ఇంకా చాలా పెద్ద.

మా థియేటర్లో అన్నిటికంటే పైన, ఎనభై నాలుగు మెట్లెక్కితే, ఆనుకోవడానికి వీపు చెక్క కూడా లేని బెంచీలుంటాయి. అక్కడ కూర్చునేవాళ్ళు కసాయివాళ్ళు, దర్జీలు, రైల్వే గుమాస్తాలు. ఒక్కొక్కడికీ ఓపెరా మొత్తం కంఠతా వచ్చు. కింద కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషులు కూడా ముందు పైబెంచీల వాళ్ళేమంటారో చూసుకునే చేతులు కదుపుతారు. పైబెంచీల వాళ్ళు నాన్న మొహం చూస్తారు. నాన్న చప్పట్లు కొడితే అందరూ కొడతారు. రెండేళ్ళ కిందట మిలాన్ నుంచి ఒక పెద్ద గాయకుడు వచ్చి, పాట చివర అందదని శ్రుతి అరమెట్టు దించి పాడాడు. నాన్న లేచి నిలబడి "అరమెట్టు" అన్నాడట. ఒక్క మాటే. అక్కడి నుంచి ఈలలు మొదలై ఆ మనిషిని స్టేషను దాకా తరిమాయి. ఆయన పెట్టె మోయడానికి కూలీ కూడా దొరకలేదని ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

నేను పాడాల్సిన ఓపెరాలో మూడో అంకంలో ఒక పాట ఉంది. దాని కొసన, చాలా పైన, ఒకే ఒక్క స్వరం. అక్కడ ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది, తోడు ఎవరూ ఉండరు. ఒకప్పుడు ఆ స్వరం కోసమే నన్ను పిలిచేవాళ్ళు. ఆ డిసెంబరు నాటికి మూడుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లు అందేది. మూడోసారి గొంతు మధ్యలో గుడ్డ చిరిగినట్టు చిరిగేది. ఏది మూడోసారి అవుతుందో ముందుగా తెలిసేది కాదు.

ఆర్కెస్ట్రా నడిపే త్రెవిజానీ నాలుగు రోజులు విన్నాడు. ఐదో రోజు అందర్నీ పంపేసి తలుపు వేశాడు.

"సిన్యోరా, అరమెట్టు దించుదాం" అన్నాడు. "పాటకు ముందు మాటలొస్తాయి కదా, అక్కడే మెల్లిగా కింది శ్రుతిలోకి దారి మళ్ళిద్దాం. ఎవరికీ తెలీదు."

"ఆర్కెస్ట్రావాళ్ళు?"

"వాళ్ళ నోళ్ళకి వాయిద్యాలు అడ్డం ఉంటాయి, మాట్లాడరు. చాలామందికి చేసి పెట్టారు."

"పైబెంచీల వాళ్ళు?"

"వాళ్ళలో ఖాయంగా పట్టేది ఒక్కడే. ఆయన మీ ఇంట్లోనే ఉన్నాడు. ముందే ఒక మాట చెప్పేస్తే పోతుంది."

"చెప్పను" అన్నాను.

"ఎందుకని?"

"చెబితే వద్దంటాడు."

అది సగం నిజం. మిగతా సగం త్రెవిజానీకి అక్కర్లేదు. నాన్న పట్టేస్తాడని నాకు తెలుసు. పట్టేసి, లేచి, ఆ ఒక్క మాట అంటాడని, దాంతో నా పాటా, పెట్టె సర్దుకోవడాలూ, ఉత్తరాల కోసం ఎదురుచూడటాలూ అన్నీ ఒకేసారి తెమిలిపోతాయని అనుకున్నాను. నా అంతట నేను మానేయలేను. ఆయనే మాన్పించేస్తాడు. భయపడ్డావా అంటే చెప్పలేను. పన్ను పీకేముందు మందు వేస్తే చెంప మొద్దుబారుతుంది కదా, ఆ నెలంతా నాకు ఒళ్ళంతా అలాగే ఉంది.

మొదటి ఆట రోజు మధ్యాహ్నం అత్త కోడి రసంలో అనొలీని వడ్డించింది. మాంసం కూరిన ఆ చిన్న పిండి బిళ్ళలంటే నాకు ప్రాణం అని తెల్లవారుజామునే లేచి చేసింది. నేను నాలుగు తిన్నాను.

"పాడేది గొంతా, గాలా? తినవే" అంది అత్త.

"తినకపోతేనే మంచిది అక్కా, ఊపిరి బాగా ఆడుతుంది" అన్నాడు నాన్న. పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కుని మూడు గంటల ముందే తయారై కూర్చున్నాడు. బయల్దేరేటప్పుడు గుమ్మంలో నా భుజం తట్టి, శుభం జరగాలని థియేటర్ వాళ్ళు అనుకునే ఆనవాయితీ మాట అన్నాడు.

"తోడేలు నోట్లో పడు."

"తోడేలు చావనీ" అన్నాను. జవాబుగా అనాల్సిన మాట అదే.

మూడో అంకం వచ్చింది. పాటకు ముందు దారి మళ్ళే చోట ఆర్కెస్ట్రాలో ఎవరూ తల ఎత్తలేదు. నాకు పైకి చూడాలనిపించింది, చూడలేదు. పాడాను. కొసన స్వరం హాయిగా, ఏ శ్రమా లేకుండా వచ్చింది. అరమెట్టు కిందికి దిగితే రాక ఛస్తుందా? స్వరం వదిలేసి నిలబడ్డాను. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అనుకుంటున్నాను. అంతలో పైనుంచి ఒక్క జత చేతుల చప్పుడు వినిపించింది, పొడిపొడిగా, కట్టెలు కొట్టినట్టు. ఆ చేతులెవరివో నాకు తెలుసు. తర్వాత హాలు మొత్తం చప్పట్లతో మారుమోగింది.

ఆట అయ్యాక నాన్నా, లిచీనియో బాబాయీ నా అలంకరణ గదికి వచ్చారు. లిచీనియోకి పందిమాంసం ఉప్పువేసి ఆరబెట్టే వ్యాపారం. నాన్నతో బళ్ళో చదువుకున్నాడు, పైబెంచీల్లోనూ పక్కపక్కనే కూర్చుంటారు. మనిషి పీపాలా ఉంటాడు. వస్తూనే బుగ్గ ముందుకు పెట్టాడు.

"అమ్మాయ్ క్లేలియా, కొట్టు. చెంప పగలగొట్టు."

"ఎందుకు బాబాయ్?"

"నువ్వు పాడుతుంటే నేను పాపిష్టి మాట అన్నా. 'దించేసిందిరా, అరమెట్టు దించేసింది' అని పక్కనోడి చెవిలో ఊదా. నా చెవులకి అట్లా తోచింది మరి. వెనకాల బెంచీ వాళ్ళు కూడా గుసగుసలు మొదలెట్టారు. నువ్వు ఆపగానే అందరం వీడి మొహంలోకి చూశాం. 'ఒరే ఎర్మేతె, ఏ శ్రుతిలో ఉందిరా?' అన్నా."

"ఏమన్నాడు?"

"'రాసినట్టే ఉంది' అన్నాడు. అని చప్పట్లు కొట్టాడు. విరామంలో నేను ఊరుకున్నానా? 'పందెమా?' అన్నా. 'పందెమే' అన్నాడు. వాడి చెవి చెప్పిందే తీర్పు కదా! రెండు చలికాలాలు ఆరిన పందితొడ, కులతెల్లో, ఓడిపోయా తల్లీ! నా నేలమాళిగలో దాన్ని మించిన తొడ లేదు. పోతే పోనీ, నీ గొంతు నిలబడింది, నాకదే చాలు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మంచి మనిషి.

నాన్న అద్దం పక్కన తగిలించిన సవరం వంక చూస్తున్నాడు.

"బాగుందా నాన్నా?" అన్నాను.

"ఇక్కడ చలిగా ఉంది. ఇంటికి పోదాం పద" అన్నాడు.

టోపీ థియేటర్లోనే మర్చిపోయాడని ఇంటికి వెళ్ళాక గానీ చూసుకోలేదు. నేను పక్క మీద పడుకుని, రావలసిన సంతోషం కోసం చూశాను. అది రాలేదు. సిగ్గైనా రావాలి కదా అని చూశాను. అదీ రాలేదు. నిద్ర మాత్రం వచ్చింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే లిచీనియో పందెం మాంసాన్ని భుజాన వేసుకుని వచ్చాడు. వంటింట్లో నాన్న బల్ల ముందు కూర్చుని కాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. అత్త పొయ్యి దగ్గర ఉంది. లిచీనియో మాంసాన్ని కొక్కేనికి తగిలించి కుర్చీ లాక్కున్నాడు.

"ఒరే, ఊళ్ళో పుకారొకటి తిరుగుతోంది" అన్నాడు. "ఆర్కెస్ట్రాలో బాకా ఊదేవాడి బావమరిది తాగి ఏదో వాగాట్ట. దించారని. శనివారం ఆటకి పార్మా పట్నం నుంచి కూడా జనం వస్తున్నారు, ఈలలు జేబులో వేసుకుని మరీ. నువ్వు సాయంత్రం ఒకసారి సారాకొట్టుకి రా. అందరి ముందూ వాళ్ళ మొహాన చెప్పు, రాసినట్టే పాడిందని. నీ మాటంటే మాటే. నోళ్ళు మూతపడతాయి. వస్తావా?"

నాన్న రొట్టె ముంచుకుంటున్నాడు.

"ఒరేయ్, నిన్నే!"

నాన్న తలెత్తి ఆయన పెదాల వంక చూశాడు. "ఏంటి?" అన్నాడు.

"శనివారంరా, శనివారం!"

"వినపట్టంలేదురా లిచీనియో."

అత్త చేతిలో మూత జారి రాతినేల మీద పడి గింగిర్లు తిరిగింది. నేను ఉలిక్కిపడ్డాను. నాన్న వెనక్కి తిరగలేదు.

"ఎప్పట్నుంచి?" అని అరిచాడు లిచీనియో.

నాన్న చేత్తో రెండు చెవులూ తాకి చూపించాడు. "మొన్న థియేటర్ నుంచి వచ్చేప్పుడు చలి తగిలింది. టోపీ లేదు. లేచేసరికి అంతా దూది కుక్కినట్టుంది. రోజురోజుకీ ఇంకా..." ఆగి, కాఫీ గిన్నె పక్కకి జరిపాడు. "చివరిగా విన్నది మా అమ్మాయి పాటే. అది విన్నా. చాల్లే."

లిచీనియో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాన్న తల పట్టుకుని ముద్దుపెట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండానే వీధిలో పడ్డాడు. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. కూతురి పాట విని, అదే చివరి శబ్దంగా చెవుల్లో దాచుకున్న శ్రుతిగాడు! శనివారం ఆటకి పార్మా వాళ్ళు వచ్చారు గానీ ఈలలు జేబుల్లోంచి తీయలేదు. బాకా వాడి బావమరిదిని సారాకొట్టులో ఎవరో చొక్కా పట్టుకుని బయట పారేశారట. సోమవారం పత్రికలో నా ఫోటో పక్కన నాన్న ఫోటో కూడా వేశారు.

డాక్టరు దీపం వేసి రెండు చెవులూ చూశాడు. ఏమీ కనపడలేదని, వయసు మీద పడిందని, ఒక్కోసారి ఇలా ఉన్నట్టుండి పోతుందని చెప్పాడు. అత్త వారం రోజులు వెచ్చటి నూనె చుక్కలు వేసింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అంటూనే ఆయన మోచేతి దగ్గర గిన్నె పెట్టి, తిను తిను అని సైగ చేసేది. నేనూ నమ్మాను. మూడు వారాలు నమ్మాను. ఆయనకి చలికి పోయిందో, నా పాటకి పోయిందో అని ఒకసారి అనుకున్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ఆటకీ ఆటకీ మధ్య గొంతుకు ఆవిరి పట్టుకుంటూ ఉన్నాను.

జనవరిలో ఒక పొద్దున ముందుగదిలో పియానో దగ్గర సాధన చేస్తున్నాను. నాన్న కిటికీ పక్కన గోడకి అద్దం తగిలించుకుని, నాకు వీపు పెట్టి, గడ్డం గీసుకుంటున్నాడు. స్వరాలు ఎక్కుతూ వెళ్ళాను. పైకి వెళ్ళేసరికి ఒక స్వరం కిందికి జారింది, వెంట్రుకవాసి. అద్దంలో నాన్న చెంప మీద కత్తి ఆగింది.

అంతే. ఆగి, మళ్ళీ కదిలింది.

నేను మళ్ళీ మొదటి నుంచి పాడాను. ఈసారి అదే స్వరాన్ని కావాలనే కిందికి లాగాను. కత్తి మళ్ళీ ఆగింది. దవడ కింద సన్నగా ఎర్రటి గీత పడింది. అద్దంలో మా ఇద్దరి కళ్ళూ కలిశాయి. నాన్న చూపు తిప్పుకుని, కుంచె తీసుకుని, రెండో చెంపకి సబ్బు రాసుకోవడం మొదలుపెట్టాడు.

పియానో మూత వేశాను. పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. నా కోసం ఆయన ఒక్కసారి అబద్ధం ఆడాడు. జన్మలో మొదటిసారి. దాన్ని పదిమందిలో, సారాకొట్టులో, పార్మా వాళ్ళ ముందు రెండోసారి ఆడమన్నారు. ఆడలేకపోయాడు. నిజమూ చెప్పలేకపోయాడు. అందుకని చెవులే వదిలేసుకున్నాడు. చెవుల్లేనివాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

దగ్గరికి వెళ్ళి "నాకు తెలిసిపోయింది నాన్నా" అనొచ్చు. అంటే ఆయన వినాలి. వింటే చెవులున్నట్టే. చెవులుంటే మర్నాడు లిచీనియో వస్తాడు. ఇలా లెక్క చూసుకుని వంటింట్లోకి వెళ్ళి ఆవిరికి నీళ్ళు పెట్టుకున్నాను. లెక్క తేలిగ్గానే కుదిరింది. అదే నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది, అంత తేలిగ్గా కుదరడం.

ఒకసారి మాత్రం, నాలుగో ఆటకి ముందు, త్రెవిజానీ దగ్గరికి వెళ్ళాను.

"రాసిన శ్రుతికే పాడదామా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పాత కాగితాలు ఉన్నాయి. పెట్టిస్తాను. అందుతుందా?"

నిలబడి ఆలోచించాను. మూడింట రెండు. "వద్దులెండి" అన్నాను.

ఫిబ్రవరిలో కాన్వెంటు నుంచి ఒక సన్యాసిని వచ్చింది, బడి పియానోకి శ్రుతి చేయించే వేళ అయిందని. అత్త గుమ్మంలోనే చెవుల వైపు చూపించి తల అడ్డంగా ఊపింది. ఆవిడ అయ్యో అనుకుని వెళ్ళాక నాన్న లోపలికి వెళ్ళి తన పనిసంచీ తెచ్చాడు. తీగలు బిగించే ఇనుప పిడి, ఉన్ని పట్టీలు, యాభై ఏళ్ళు చేతిలో అరిగిన చెక్క మేకులు. అన్నీ గుడ్డతో తుడిచాడు. పార్మాలో ఇంకో శ్రుతిగాడు ఉన్నాడు. జీవితమంతా నాన్న వాణ్ణి "వడ్రంగి" అనే పిలిచాడు. సంచీ వాడికి పంపమన్నాడు.

"వాడికా! వాడు పియానోకి మేకులు కొడతాడన్నావు కదరా!" అని అత్త ఆయన చెవిలో అరిచింది.

"ఆఁ, చలికి ముయ్యి అక్కా తలుపు" అన్నాడు నాన్న.

అలా తప్పు జవాబులు చెప్పడం కూడా బాగా నేర్చుకున్నాడు. కాన్వెంటు పియానోకి వడ్రంగే శ్రుతి చేశాడు. ఆ పియానో ఆదివారం ప్రార్థనకి వాయిస్తారు. మధ్యలో మూడు తీగలు తేలిపోయి పిల్లి ఏడ్చినట్టు ఏడుస్తుంటే నాకే పళ్ళు జివ్వుమనేవి. నాన్న ముందు వరసలో, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు.

థియేటర్‌కి రావడం మానతాడనుకున్నాను. మాననివ్వలేదు. ప్రతి ఆటకీ లిచీనియో ఇంటికొచ్చి, చెయ్యి పట్టుకుని ఎనభై నాలుగు మెట్లూ ఎక్కించి, నడిబెంచీ మీద దిండు వేసి కూర్చోబెట్టేవాడు. పాట అయ్యాక ఒక అట్టముక్క మీద "బ్రహ్మాండంగా పాడింది" అని రాసి ఆయన కళ్ళముందు పెట్టేవాడు. నాన్న చదివి, తలూపి, చప్పట్లు కొట్టేవాడట. ఇవన్నీ బాబాయి కళ్ళనీళ్ళతో నాకు చెప్పేవాడు. అరమెట్టు కింద నా పాటను ప్రతి ఆటకీ మొదటి నుంచి కొస దాకా వింటూ, మొహంలో ఏమీ కనపడకుండా కూర్చుని, చివర్న అట్టముక్క చదవాలి. అది ఎలా ఉంటుందో ఊహించబోయాను. కొంచెం దూరం వెళ్ళి ఆపేశాను.

ఐదో ఆట కూడా అయింది. మేనేజరు కాగితాలు పట్టుకొచ్చాడు. ఇంకో రెండేళ్ళు. సంతకం పెట్టాను.

కార్నివాల్ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో భోజనాలు. లిచీనియో, ఆయన భార్య, త్రెవిజానీ, మేనేజరు. అత్త వేయించిన పిండివంటలు గుట్టగా పోసింది. లిచీనియో కొక్కేనికున్న మాంసాన్ని చూసి, "అదేంటి, ముక్క కూడా కొయ్యలేదే!" అని తనే కత్తి తీసుకుని కాగితమంత పల్చగా కోసి పళ్ళెంలో పరిచాడు. నాన్న పళ్ళెం పక్కవాళ్ళకి అందించాడు. నేను రెండు ముక్కలు తిన్నాను. చాలా బాగుంది.

అందరూ ఆయన మీద అరిచేవాళ్ళే.

"వైను పొయ్యనా?" అని లిచీనియో భార్య.

"మీ అమ్మాయి ఊరి పరువు నిలబెట్టింది సార్!" అని మేనేజరు, చేతులు చుట్టి బాకాలా పెట్టుకుని.

"ఏంటి?"

"పరువు! ప-రు-వు!"

"ఆఁ, బరువే. నిన్నటి నుంచి కడుపు కాస్త బరువుగానే ఉంది" అన్నాడు నాన్న. అందరూ పగలబడి నవ్వారు. త్రెవిజానీ ఒక్కడూ నవ్వకుండా నాన్న వంకా, నా వంకా ఒకసారి చూసి, ఒళ్ళో రుమాలు మడతపెట్టుకోవడంలో మునిగిపోయాడు.

మూడింటికి అందరూ లేచారు. వీధిలో ముసుగుల ఊరేగింపు చూడాలని అత్తని కూడా వెంటబెట్టుకుపోయారు. తలుపు మూసుకుంది. డప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగి దూరమైంది. ఇంట్లో ఇద్దరమే మిగిలాం.

నాన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నారింజపండు ఒలుస్తున్నాడు. నేను బల్ల మీది గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను. ఎందుకో తెలీదు.

"సంతకం పెట్టావా?" అన్నాడు నాన్న, తల తిప్పకుండానే. చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది ఆయనకి. ఖాళీ ఇంట్లో ఆ గొంతు మరీ పెద్దగా వినిపించింది.

వెళ్ళి ఆయన పక్కన పీట మీద కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. వీధిలోనూ ఎవరూ లేరు. మామూలు గొంతుతో మాట్లాడొచ్చు. గుసగుసగా చెప్పినా చాలు. నేను ఒక్క మాట అంటే ఆయన ఈ పూటకైనా, ఈ గదిలోనైనా, నా దగ్గరైనా చెవులున్న మనిషిగా ఉండొచ్చు.

"నాన్నా" అన్నాను. పెదాలు కదిలాయో లేదో అంత మెల్లిగా.

నారింజ తొక్క మీద ఆయన బొటనవేలు ఆగింది. ఇటు తిరగలేదు. కిటికీలోంచి బయటికే చూస్తూ అలా ఆగి ఉన్నాడు. ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. చాలాసేపు ఎదురుచూశాడు.

నేను పీట మీంచి లేచి, ఆయన చెవి దగ్గరికి వంగి, రెండు చేతులూ చుట్టి నోటి చుట్టూ పెట్టుకుని, అందరిలాగే గట్టిగా అరిచాను.

"పెట్టాను నాన్నా! ఇంకో రెండేళ్ళకి!"

ఆయన తలూపాడు. వేలు మళ్ళీ తొక్క మీద కదిలింది.

"అయితే ఇంకో రెండేళ్ళన్నమాట" అన్నాడు నాన్న, గట్టిగా, చెవిటివాడిలాగే.